కాలు నిలవని వయసు, ఊరి చివరి కాలనీ

సాయంత్రం ఆరున్నర. నగరానికి పదిహేను, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక కాలనీ. మీరు కళాశాల బస్సు దిగి ఇంటికి వచ్చారు. పుస్తకాల సంచి ఒక మూల పడేశారు. ఫ్రిజ్ తలుపు తీసి, ఏమీ తీసుకోకుండానే మూశారు. మేడ మీదికి వెళ్లారు, రెండు నిమిషాల్లో కిందికి వచ్చారు. చెప్పులు వేసుకుని గుమ్మం దాటబోతుంటే లోపలి నుంచి అమ్మ గొంతు: "మళ్లీ ఎక్కడికి? కాసేపు కుదురుగా కూర్చోలేవా?"

ఎక్కడికో మీకూ తెలియదు. ఇంట్లో ఉండాలని లేదు. బయట వెళ్లడానికి చోటు లేదు.

"కుదురు లేదు", "కాలు ఒకచోట నిలవదు", "ఒంట్లో కోతి దూరింది" అనే మాటలు మీ వయసు పిల్లల గురించి మన ఇళ్లలో రోజూ వినిపిస్తాయి. ఈ మాటల్లో ఒక పరిశీలన ఉంది, ఒక తీర్పు కూడా ఉంది. మీకు కుదురు లేదన్నది పరిశీలన. అది నిజమే. అది మీ స్వభావంలోని లోపమన్నది తీర్పు. దానిని మాత్రం పరీక్షించకుండా ఒప్పుకోకూడదు. ఈ ప్రసంగంలో మనం రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఈ వయసులో శరీరం లోపల ఏం జరుగుతోంది? మీరు పెరుగుతున్న చోటు దానికి ఏం చేస్తోంది? రెండింటికీ సమాధానాలు కలిపి చూస్తే గాని మీ కుదురులేనితనం అర్థం కాదు.

శివారు ఎలా ఏర్పడింది?

శివారు అంటే పొలిమేర. ఊరు ముగిసి పొలాలు మొదలయ్యే చోటు. నగరం పెరిగేకొద్దీ ఈ పొలిమేర జరుగుతూ పోతుంది. హైదరాబాదునే తీసుకోండి. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, ఉప్పల్, ఎల్.బి.నగర్, మల్కాజిగిరి, అల్వాల్, కాప్రా వంటివి 2007 వరకు వేరువేరు పురపాలక సంఘాలు. ఆ ఏడాది ఏప్రిల్‌లో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను పాత నగరపాలక సంస్థతో కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పాటు చేశారు. అంటే ఈనాటి యువకుల తల్లిదండ్రులు ఇల్లు కట్టుకున్న చోట్లలో చాలా భాగం అప్పటికి నగరమే కాదు. ఎం.ఎం.టి.ఎస్. రైలు 2003లో, మెట్రో రైలు 2017 నవంబరులో వచ్చాయి. ఇళ్లు ముందు వచ్చాయి, రవాణా తరువాత వచ్చింది. ముంబయి పక్కన డోంబివిలి, చెన్నై పక్కన తాంబరం, బెంగళూరు పక్కన యెలహంక, ఢిల్లీ చుట్టూ ఉన్న పట్టణాలు కూడా ఇలా నగరం అంచున పెరిగినవే. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ జీవితం కొత్తది కాదు.

శివారు కాలనీకి ఒక ప్రత్యేక లక్షణం ఉంది. ఇల్లు ఒకచోట, ఉద్యోగం మరోచోట, కళాశాల ఇంకోచోట, స్నేహితుడి ఇల్లు నాలుగోచోట ఉంటాయి. వీటి మధ్య దూరాన్ని వాహనంతో దాటాలి. వాహనం ఉన్న పెద్దలకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. అయిదేళ్ల పిల్లలకు కాలనీ పార్కులో ఉయ్యాల, జారుడుబల్ల ఉంటాయి. పదహారేళ్ల మీకు? ఉయ్యాల వయసు దాటిపోయింది, బండి వయసు ఇంకా రాలేదు. నిన్నటి వరకు క్రికెట్ ఆడుకున్న ఖాళీ స్థలం చుట్టూ ప్రహరీ లేచింది. బస్సు గంటకొకటి.

పల్లెటూరిలో ఇదే వయసు పిల్లలకు పొలం పనో, పశువుల పనో ఉండేది. చెరువుగట్టు, గుడి అరుగు, నాలుగు వీధుల్లో బంధువుల ఇళ్లు ఉండేవి. అక్కడి కష్టాలు అక్కడ ఉన్నాయి, వాటిని మరచిపోనక్కరలేదు. కానీ కాళ్లకు చోటు, చేతులకు పని ఉండేవి. నగరం నడిబొడ్డున ఉన్నవారికి నడిచిపోయేంత దూరంలో గ్రంథాలయమో, బజారో, మైదానమో ఉంటుంది. శివారులో పెరిగేవారికి ఈ రెండూ సగం సగమే దక్కుతాయి.

లోపల జరుగుతున్న మరమ్మతు

ఇక శరీరం సంగతి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 19 ఏళ్ల వరకు కౌమారం అంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఈ వయసువారు సుమారు 25.3 కోట్లు, అంటే ప్రతి అయిదుగురిలో ఒకరు. కాబట్టి మీ సమస్య మీ ఒక్కరి ఇంటి సమస్య కాదు.

మెదడు అడుగు భాగంలో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. బాల్యంలో చాలాకాలం నిశ్శబ్దంగా ఉన్న ఈ భాగం, యవ్వనారంభంలో ఒక హార్మోనును విడతలు విడతలుగా విడుదల చేయడం మొదలుపెడుతుంది. విచిత్రమేమంటే ఈ విడతలు మొదట్లో రాత్రి నిద్రలోనే ఎక్కువగా వస్తాయి. ఆ సంకేతం పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి అండాశయాలకు లేదా వృషణాలకు చేరుతుంది. ఎత్తు వేగంగా పెరిగే ఏడాదిలో పిల్లలు 8, 9 సెంటీమీటర్లు పెరగగలరు. నిరుడు కుట్టించిన ప్యాంటు ఈ ఏడాది చీలమండల పైకి రావడం మీకు అనుభవమే.

మెదడు సంగతి వేరు. ఆరేళ్లకే అది పరిమాణంలో పెద్దవారి మెదడుకు చాలా దగ్గరగా వస్తుంది. అందుకే కౌమారంలో మెదడులో కొత్తగా జరిగేదేమీ లేదని చాలాకాలం అనుకున్నారు. 1979లో పీటర్ హట్టెన్‌లాకర్ అనే శాస్త్రవేత్త, మెదడు ముందు భాగంలో నాడీకణాల మధ్య ఉండే అనుసంధానాలు బాల్యంలో ఎక్కువగా ఉండి, కౌమారం ముగిసేలోపు తగ్గిపోతాయని చూపాడు. 1999లో జే గీడ్, ఆయన సహచరులు అవే పిల్లలకు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ ఎం.ఆర్.ఐ. తీసి, మెదడు ముందు భాగంలోని బూడిదరంగు పదార్థం 11, 12 ఏళ్ల ప్రాంతంలో గరిష్ఠానికి చేరి, ఆ తరువాత తగ్గుతుందని గుర్తించారు.

తగ్గడం అంటే నష్టం అనుకోకండి. బీడులో నడిచిన చోట కాలిబాట పడుతుంది, నడవని చోట గడ్డి మొలుస్తుంది. మెదడులోనూ వాడుకలో ఉన్న అనుసంధానాలు నిలుస్తాయి, వాడనివి తొలగిపోతాయి. నిలిచిన నాడీతంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఏర్పడుతుంది. పొర లేని సన్నని తంతువులో సంకేతం సెకనుకు ఒకటి, రెండు మీటర్లు పోతే, మైలిన్ ఉన్న లావుపాటి తంతువులో వంద మీటర్లు దాటగలదు. మట్టిబాట తారురోడ్డు అయినట్టు. అంటే ఈ వయసులో మీరు దేనిలో తిరుగుతారో, ఏ పని మళ్లీ మళ్లీ చేస్తారో, ఆ దారులే గట్టిపడతాయి.

ఈ మరమ్మతు అన్ని భాగాల్లోనూ ఒకేసారి పూర్తి కాదు. కొత్తదనానికి, ప్రతిఫలానికి స్పందించే భాగాలు కౌమారం మధ్యలో చాలా చురుకుగా ఉంటాయి. ముందుచూపుకు, నిగ్రహానికి ఆధారమైన నుదుటి వెనుక భాగం మాత్రం ఇరవై అయిదేళ్ల ప్రాంతం వరకు పరిపక్వమవుతూనే ఉంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. "ఈ వయసు పిల్లలకు ఆలోచన లేదు" అనడానికి ఇది ఆధారం కాదు. తీరికగా, ఒంటరిగా, ఆవేశం లేకుండా ఆలోచించమంటే పదహారేళ్లవారు పెద్దలకు దగ్గరగానే ఆలోచిస్తారు. తేడా వచ్చేది మనసు ఉద్రేకంలో ఉన్నప్పుడు, ముఖ్యంగా పక్కన స్నేహితులు ఉన్నప్పుడు.

దీనిని 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ ఒక ఆటతో పరీక్షించారు. కంప్యూటర్ తెర మీద కారు నడపాలి. పసుపు దీపం వెలిగాక ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు, కానీ ఆపకముందే అడ్డుగోడ వస్తే ఉన్నవన్నీ పోతాయి. 306 మందిని మూడు వయోవర్గాలుగా తీసుకుని, కొందరిని ఒంటరిగా, కొందరిని ఇద్దరు స్నేహితుల ఎదుట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు వయసుల మధ్య తేడా పెద్దగా లేదు. స్నేహితులు చూస్తున్నప్పుడు 13 నుంచి 16 ఏళ్లవారు చాలా ఎక్కువ సాహసం చేశారు. 24 ఏళ్లు దాటినవారిలో ఆ మార్పు కనిపించలేదు.

కోతి అన్న మాట ఊరికే రాలేదు

ప్రకృతి ఇలాంటి అస్థిమితాన్ని ఎందుకు పెట్టినట్టు? ఉత్తర భారతంలో విస్తారంగా కనిపించే రీసస్ కోతులను చూడండి. యవ్వనం వచ్చాక మగకోతులు పుట్టిన గుంపును విడిచి మరో గుంపును వెతుక్కుంటూ పోతాయి. ఆ ప్రయాణంలో దెబ్బలు తగులుతాయి, కొన్ని చనిపోతాయి కూడా. అయినా వెళతాయి. వెళ్లకపోతే దగ్గరి రక్తసంబంధంలోనే సంతానం కలుగుతుంది, కొత్త ఆహారం, కొత్త చోటు దొరకవు. మగ సింహాలు, మగ ఏనుగులు కూడా ఇలాగే పుట్టిన కుటుంబాన్ని విడుస్తాయి. ఎలుకల్లోనూ ఈ దశలో కొత్త చోట్లు వెతకడం పెరుగుతుంది.

మనిషి కోతి కాదు, ఇల్లు విడిచి పొమ్మని నేను చెప్పడమూ లేదు. కానీ పుట్టిన ఇంటి గడప అవతల ఏముందో చూడాలన్న తహతహ క్షీరదాల జీవితంలో చాలా పాతది. మీ ఒంట్లో కోతి దూరలేదు. మీ కంటే ఎంతో ముందునుంచి ఉన్న ఒక అవసరం మీలో మేల్కొంది.

రాత్రి పట్టని నిద్ర

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ల క్రితం హైదరాబాదు శివారులోని ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. ఉదయం ఏడు ముప్పావుకు మొదటి పీరియడ్. మూడో బెంచీలో ఒక కుర్రవాడు రోజూ తూగేవాడు. లేపి నిలబెట్టేదాన్ని. నిలబడి కూడా కళ్లు మూసుకుపోయేవి. ఒకరోజు కోపంతో అడిగితే, "రాత్రి నిద్ర పట్టదు మేడమ్. మేడ మీద పడుకుని చూస్తూ ఉంటాను" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ అది సాకు అనుకున్నాను. ఆ రోజుల్లో వాళ్ల ఇంట్లో సెల్‌ఫోను కూడా లేదు. రెండు బస్సులు మారి వస్తాడని, అయిదింటికే లేస్తాడని నాకు తెలిసింది తల్లిదండ్రుల సమావేశం రోజున. అప్పటికి సంవత్సరం దాదాపు అయిపోయింది. భౌతికశాస్త్రం తనకు రాదని అతడు నిర్ణయించుకున్నాడు. ఇంటర్ రెండో ఏడాదికి మా గ్రూపులో లేడు.

అతడు చెప్పింది సాకు కాదు, నిజం. మన మెదడులో, కంటినరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన, సుమారు 20,000 నాడీకణాల గుంపు ఒకటి ఉంది. అదే శరీర గడియారం. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను విడుదలయ్యేలా చేసి శరీరానికి రాత్రి అయిందని చెప్పేది ఇదే. కౌమారంలో ఈ గడియారం వెనక్కి జరుగుతుంది. 1993లో మేరీ కార్స్‌కాడన్ బృందం, నిద్రవేళ ఇలా వెనక్కి పోవడానికి స్నేహాలు, అలవాట్లు మాత్రమే కారణం కాదని, యవ్వనారంభ దశతోనే దానికి సంబంధం ఉందని చూపింది. పగలంతా మేలుకున్నకొద్దీ పెరిగే నిద్ర ఒత్తిడి కూడా ఈ వయసులో నెమ్మదిగా పెరుగుతుందని తరువాత తేలింది. ఈ ఆలస్యం ఇరవై ఏళ్ల ప్రాంతంలో గరిష్ఠానికి చేరి, తరువాత మళ్లీ ముందుకు జరుగుతుంది. 1993లో అచ్చయిన ఆ విషయాన్ని నేను చదివింది ఆ కుర్రవాడు వెళ్లిపోయిన చాలా ఏళ్లకు.

లెక్క వేసి చూడండి. 13 నుంచి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. రాత్రి పదకొండున్నరకు గాని నిద్ర పట్టదు. బస్సు కోసం ఉదయం అయిదుకు లేవాలి. నిద్ర అయిదున్నర గంటలు. కనీస అవసరం ఎనిమిది అనుకున్నా రోజుకు రెండున్నర గంటల లోటు. వారానికి ఆరు రోజులు కళాశాల ఉంటే 15 గంటల లోటు. నిద్ర చాలని మనిషి మందకొడిగానే ఉంటాడనుకుంటాం. చిరాకు, అస్థిమితం, దేని మీదా మనసు నిలవకపోవడం కూడా నిద్రలేమి లక్షణాలే. "కుదురు లేదు" అన్న దానిలో కొంత భాగం నిజానికి "నిద్ర లేదు" అన్నమాట.

అమెరికాలోని సియాటిల్‌లో 2016లో ఉన్నత పాఠశాలల వేళను 7.50 నుంచి 8.45కు మార్చారు. పిల్లలు ఆ సమయాన్ని మేలుకోవడానికే వాడుకుంటారని పెద్దలు అనుకున్నారు. కొలిచి చూస్తే నిద్ర రోజుకు సుమారు 34 నిమిషాలు పెరిగింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2022 నుంచి ఉన్నత పాఠశాలలు సాధారణంగా 8.30 కంటే ముందు మొదలుకాకూడదని చట్టమే అమలు చేసింది. మన శివారు పిల్లలకు మాత్రం కళాశాల వేళకు తోడు ప్రయాణం కూడా నిద్రలోంచే కోతపడుతుంది.

దారి దొరకని శక్తి ఎటు పోతుంది?

ఇప్పుడు రెండు సమాధానాలనూ పక్కపక్కన పెడదాం. శరీరానికి కదలిక కావాలి. కాలనీలో మైదానం లేదు. మెదడుకు కొత్తదనం కావాలి. నడిచిపోయేంత దూరంలో కొత్తది లేదు. స్నేహితులు కావాలి. వాళ్లు పది కిలోమీటర్ల అవతల ఉన్నారు. ఆలస్యంగా నిద్రపోయే గడియారానికి తెల్లవారుజామున బస్సు ఉంది. ఇందులో ఏ ఒక్కటీ మీ స్వభావలోపం కాదు.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా గట్టిగా ఉంటుంది. తమ్ముడు వెళ్లగలిగినంత దూరం అక్క వెళ్లలేదు. వీధిదీపం లేని మలుపు దగ్గరే ఆమె సాయంత్రం ఆగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2016 నాటి వివరాలతో చేసిన అంచనా ప్రకారం 11 నుంచి 17 ఏళ్ల విద్యార్థుల్లో 81 శాతం మందికి రోజుకు గంట పాటు ఉండవలసిన శారీరక శ్రమ లేదు. అబ్బాయిల్లో ఇది 78 శాతమైతే అమ్మాయిల్లో 85 శాతం. ఇంట్లో కూర్చున్న అమ్మాయిని "కుదురైన పిల్ల" అని మెచ్చుకుంటాం. ఆమె లోపలి అస్థిమితం మనకు కనిపించకపోవడం మాత్రమే అక్కడ తేడా.

ఇలా దారి దొరకని శక్తి సాధారణంగా రెండు వైపులకు పోతుంది. మొదటిది ఫోను. కోతులపై ప్రయోగాలు చేసిన వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్, ఆయన సహచరులు 1997లో ఒక ముఖ్యమైన విషయం వివరించారు. డోపమిన్ కణాలు ఎక్కువగా స్పందించేది ప్రతిఫలం దొరికినందుకు కాదు, ఊహించనిది దొరికినందుకు. వేలితో తెరను పైకి జరిపిన ప్రతిసారీ తరువాత ఏం వస్తుందో తెలియదు. అందుకే ఆపలేం. అయితే ఫోనును తిట్టి ఊరుకుంటే సరిపోదు. శివారు కుర్రవాడికి స్నేహితులు కలిసే వీధి అదొక్కటే. బయట ఒక వీధి చూపించకుండా ఆ వీధిని మూసేస్తే అతడికి మిగిలేది గది నాలుగు గోడలే.

రెండవది బండి. ఇక్కడ లెక్క కచ్చితంగా తెలిసి ఉండాలి. గతిజశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల నుంచి 60కి పెంచితే శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరమూ నాలుగింతలే. 60 కిలోమీటర్ల వేగంలో, బ్రేకు వేయాలని తోచేలోపు గడిచే ఒక్క సెకనులోనే బండి దాదాపు 17 మీటర్లు పోతుంది. వెనుక ఇద్దరు స్నేహితులు కూర్చుంటే 2005 నాటి ప్రయోగం గుర్తుకు తెచ్చుకోండి. పందెం కాసేది మీరొక్కరే కాదు, మీ వయసు మెదడు కూడా. చట్టం ప్రకారం గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చంటోంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ఏం చేయవచ్చు?

మీ చేతిలో ఉన్నవాటితో మొదలుపెట్టండి. మొదటిది వెలుతురు. శరీర గడియారాన్ని ముందుకు జరిపేది ఉదయపు వెలుతురు, వెనక్కి జరిపేది రాత్రి వెలుతురు. లేవగానే పదిహేను నిమిషాలు ఆరుబయట తిరగండి. పడుకునే ముందు గంటసేపు ఫోనును మరో గదిలో ఉంచండి. ఆదివారం కాస్త ఎక్కువ నిద్రపోండి, కానీ మధ్యాహ్నం దాకా పొడిగించకండి. అలా చేస్తే సోమవారం తెల్లవారుజాము మరింత కష్టమవుతుంది.

రెండవది కదలిక. గంట మొత్తం ఒకేసారి దొరకనక్కరలేదు. ఒక స్టాపు ముందు దిగి నడవడం, సైకిలు, మేడ మీద తాడాట, అన్నీ కలిపి లెక్కే. మీ కాలనీలోని పాఠశాల మైదానాన్ని సాయంత్రం గంటసేపు తెరవమని నలుగురు కలిసి, ఒక పెద్దాయనను వెంటబెట్టుకుని, రాతపూర్వకంగా అడగండి. లేఅవుట్‌లో ఆటస్థలానికి విడిచిన స్థలం ఏమైందో మీ సంక్షేమ సంఘాన్ని అడగడానికి మీకూ హక్కుంది.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, గమ్యం. ఊరికే తిరగడం తీర్చలేని తహతహను, మీ కోసం ఎవరో ఎదురుచూసే చోటు తీరుస్తుంది. ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. ఉంటే చేరండి. శాఖా గ్రంథాలయం ఎక్కడుందో కనుక్కోండి. పక్క వీధిలోని ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పండి. శివారుకు నగరం నడిబొడ్డున లేని సంపద ఒకటుంది. చెరువులు, గుట్టలు, వాటి మీద వాలే పక్షులు. హైదరాబాదు శివారులోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మీ చెరువులో ఏ నెలలో ఏ పక్షి వస్తుందో ఏడాదిపాటు రాసి ఉంచితే అది పనికొచ్చే విజ్ఞానశాస్త్ర సమాచారమే.

ఇంట్లో పెద్దలకు ఒక మాట. ఈ పేజీ వారికి చూపించండి. అమ్మా, నాన్నా, "కూర్చో" అనడం కంటే "ఎక్కడిదాకా, ఎవరితో, ఎప్పటికి వస్తావు" అని అడగడం మంచిది. చెప్పిన వేళకు నెలరోజులు వస్తే, దూరం కొంచెం పెంచండి. అమ్మాయికీ ఇదే లెక్క. అధ్యాపక మిత్రులారా, మొదటి పీరియడ్‌లో నిద్రపోయేవారిని లేపండి, తప్పులేదు. లేపాక ఎన్ని బస్సులు మారి వచ్చావని అడగండి.

ఎప్పుడు వైద్య సలహా కావాలి?

అస్థిమితమంతా వయసు ప్రభావమే అనుకోవడం కూడా పొరపాటే. దిగులు రెండు వారాలకు పైగా వదలకపోయినా, ఇష్టమైన పనులమీదే ఆసక్తి పోయినా, తిండి, నిద్ర బాగా మారిపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకండి. చిన్నప్పటి నుంచీ, అంటే పన్నెండేళ్ల లోపే, ఇంట్లోనూ బడిలోనూ నిలకడ లేక చదువు దెబ్బతింటూ ఉంటే అది వేరే పరీక్ష అవసరమైన విషయం. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి మీ భాషలోనే మాట్లాడవచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది.

చేసి చూడండి

ఒక కాగితం మీద మీ ఇంటిని మధ్యలో గుర్తించండి. నడిచి పావుగంటలో మీరు ఒంటరిగా వెళ్లగలిగిన చోట్లన్నీ దాని చుట్టూ రాయండి. డబ్బు ఖర్చు లేకుండా గంటసేపు కూర్చోగలిగిన చోట్ల కింద గీత గీయండి. తరువాత వారం రోజులు పడుకున్న వేళ, లేచిన వేళ, నడిచిన నిమిషాలు పట్టికగా రాయండి. మీ అన్నో, చెల్లెలో ఇదే పటం గీస్తే ఎక్కడ తేడా వచ్చిందో పోల్చండి. రెండు కాగితాలూ అమ్మానాన్నల ముందు పెట్టండి. కుదురు లేదన్న మాట మీద వాదించడం కంటే ఇది మేలు. గీత గీసిన చోట్లు ఎన్ని ఉన్నాయో వారే లెక్కపెట్టుకుంటారు.

ఆ మూడో బెంచీ కుర్రవాడి చేత నేను ఇలాంటి పట్టిక ఒక్క వారం రాయించి ఉంటే, సంవత్సరం ముగియకముందే నాకు విషయం తెలిసేది. మీరు మీ అధ్యాపకులు అడిగేదాకా ఆగకండి. ఈ రాత్రి నుంచే రాయడం మొదలుపెట్టండి.